ఈత చెడ్డీకి పట్టు అంచు

మోకాళ్ళ నొప్పులని వెళితే మా డాక్టరు నడక తగ్గించి ఈత కొట్టమన్నాడు. ఈ వయసులో ఈతేమిటి నాయనా అని గొణుక్కుంటూనే మా అపార్ట్‌మెంటు వెనక ఉన్న ఈతకొలను దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, గోడ మీద పెద్ద బోర్డు. లుంగీలతో, నిక్కర్లతో, డ్రాయర్లతో దిగరాదట, ఈత కోసమే కుట్టిన నైలాను దుస్తులు తప్పనిసరట. సరే, ఖర్మ అనుకుని మా అమ్మాయిని వెంటబెట్టుకుని పెద్ద బజారులో దుకాణానికి వెళితే, అక్కడ గోడ పొడుగునా మగవాళ్ళ ఈత దుస్తులే వేలాడుతున్నాయి. మోకాలి దాకా వచ్చేవి, తొడ సగంలో ఆగిపోయేవి, తొడ జోలికే రానివి, చొక్కాతో కలిసి ఉన్నవి, కొబ్బరి చెట్ల బొమ్మలున్నవి. నల్లటిది ఒకటి ఇవ్వవయ్యా అంటే, నలుపులో ఏ రకం కావాలి సార్ అని అడిగాడు అమ్మే మనిషి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎందుకు నాన్నా అంత కోపం, ఏదో ఒకటి తీసుకుంటే అయిపోతుంది కదా అంది మా అమ్మాయి. ఏదో ఒకటి తీసుకుంటే అయిపోతుందట! ఆ ఏదో ఒక్కదాని కోసం నేనూ మా నాయినా పాలమూరు జిల్లాలో ఊరూరూ తిరిగి, దొరికినదాన్ని దొరికిన చోటే పాడుచేసుకుని, పట్నం దాకా పోయి పడిన అవస్థ దానికేం తెలుసు? మీలో నా ఈడు వాళ్ళుంటే వాళ్ళకైనా అర్థమవుతుందని చెబుతున్నాను.

మాది గద్వాల. మా నాయిన చీరలు నేసేవాడు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఆ పని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీ ఇళ్ళలో పెద్దావిడ పెట్టె తెరిస్తే ఒకటైనా ఉండే ఉంటుంది. మా ఇంట్లో మగ్గం గుంట వాకిలి పక్క గదిలో ఉండేది. నాయిన పొద్దున్నే అందులో కాళ్ళు దించి కూర్చుంటే మళ్ళీ అన్నానికి లేచేవాడు. ఇంటికి ఒక్కణ్ణే కొడుకుని కనుక ఎప్పటికైనా ఆ గుంటలో నేనే కూర్చోవాలని ఇంటిల్లిపాదీ అనుకునేవారు. నాకు మాత్రం ఆ గుంట చూస్తేనే ఊపిరాడేది కాదు. అందుకేనేమో, సందు దొరికితే నీళ్ళ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని ఎవరి పొలంలోదో మోటబావిలో నేర్చుకున్న ఈత, మీసం మొలిచేసరికి బీచుపల్లి దగ్గర కృష్ణకు అడ్డంగా పడి ఈదేదాకా వచ్చింది. ఒంటి మీద ఏముండేదంటారా? చిన్నప్పుడు ఏమీ ఉండేది కాదు, కాస్త సిగ్గు తెలిశాక గోచీ ఉండేది. నీళ్ళలో దిగడానికి వేరే బట్టలు ఉంటాయని మాకు ఎవరూ చెప్పలేదు.

ఎనభైల చివర్లో వనపర్తిలో కాలేజీ చదువుతుండగా ఆ మాట మొదటిసారి చెప్పినవాడు మా వ్యాయామం సారు. ఆయన నా ఈత ఎక్కడో చూసి, హైదరాబాదులో విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికలు జరుగుతున్నాయని, నా పేరు పంపించానని అన్నాడు. మొదటి ముగ్గురిలో వస్తే జట్టులో తీసుకుంటారు, ఆ సర్టిఫికెట్టు ఉంటే ఆటల కోటాలో సర్కారు కొలువుకు దారి దొరుకుతుంది, ఇక మగ్గం జోలికి పోనక్కర్లేదు అన్నాడు. నేను అక్కడికక్కడే గాలిలో తేలిపోయాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, ఆ వెంటనే అసలు సంగతి చెప్పాడు.

"నైలాన్ కాస్ట్యూమ్ ఉండాలె, ఒంటికి పట్టి ఉండాలె. అది లేకుంటే గట్టు మీదికెల్లే వాపస్ పంపిస్తరు. నీకు ఈత వస్తదా రాదా అని గూడ చూడరు."

అంత పెద్ద నదిని దాటగలిగిన వాణ్ణి జానెడు గుడ్డ లేదని వెనక్కి పంపిస్తారా అని నాకు అప్పుడే మండింది. కానీ ఎవరితో పోట్లాడతాం? సారు ఎంపికల తేదీ చెప్పేసి, తనకు సెలవు దొరకదని చెప్పి, చేతులు దులుపుకున్నాడు.

సెలవు రోజున గద్వాల వచ్చి బట్టల దుకాణాలన్నీ తిరిగాను. దేశమంతా మా ఊరి పేరు చెప్పి చీరలు కొనుక్కుంటుంది, మగవాడు నీళ్ళలో కట్టుకోవడానికి మాత్రం ఊరు ఊరంతా గాలించినా ఒక ముక్క లేదు. ఒకాయన బనీను గుడ్డ డ్రాయరు తీసి ఇది నీళ్ళలో కూడా పనికొస్తుందన్నాడు. ఇంకొకాయన తాలీములో కుస్తీ పట్టేవాళ్ళు కట్టుకునే లంగోటా చూపించి ఇంతకంటే ఒంటికి పట్టేది భూమ్మీద లేదన్నాడు. మూడో దుకాణంలో పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "నీళ్ళల్లకు దిగినంక నీ చెడ్డీ ఎవడు చూస్తడు రా?" అని గట్టిగా నవ్వాడు. చీరలు బేరం చేస్తున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. మన కాలంలో ఇదొక పీడ. దుకాణానికి వెళితే లేని వస్తువు లేదని చెప్పరు, దాని బదులు మనకు అక్కర్లేని వస్తువేదో అంటగడతారు, ఆపైన అది ఎందుకు అక్కర్లేదో మనమే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఇంటికి వచ్చి నాయినకు చెప్పక తప్పలేదు. కొలువు మాట, మగ్గం మాట దాచి చెడ్డీ మాట ఒక్కటే చెబుదామనుకున్నాను కానీ అమ్మ కూపీ లాగి అంతా బయటపెట్టింది. నాయిన నేత ఆపాడు. జట్టులో చోటు వస్తే నేను ఆ గుంటలో కూర్చోనని ఆయనకు అర్థమైంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు సరికదా, గుంటలోంచి లేచి కాళ్ళు దులుపుకుని, "గద్వాలల దొరకని గుడ్డ గూడ ఉంటదా? పా, నేనొస్త" అన్నాడు. ఆ మాటలో నా భవిష్యత్తు కంటే మా ఊరి గుడ్డకు జరిగిన అవమానమే ఎక్కువగా వినిపించింది నాకు.

ఇక్కడ మా నాయిన అలవాటు ఒకటి చెప్పాలి. చేతి రుమాలు కొన్నా సరే, ఆయన దుకాణదారు మాట నమ్మేవాడు కాదు. అంచు దగ్గర గోటితో ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య నలిపి, అగ్గిపుల్ల గీసి దాని కొస కాల్చి వాసన చూసేవాడు. నూలైతే కాగితం కాలినట్టు, పట్టయితే వెంట్రుక కాలినట్టు వాసన వస్తుంది. మా వీధిలో పెద్దవాళ్ళందరూ అంతే. గద్వాల దుకాణాలవాళ్ళకు అలవాటే కనుక వాళ్ళే అగ్గిపెట్టె అందించేవారు. నేసిన గుడ్డలోంచి ఒక పోగు పోతే గుడ్డకేం కాదు, ఆ పోగు దారి ఆ పోగుదే.

మర్నాడు ఇద్దరం వనపర్తి వెళ్ళాం. అక్కడ ఆటసామాన్ల దుకాణంలో క్యారమ్ బోర్డులు, షటిల్ బ్యాట్లు, పతకాలు, కప్పులు అన్నీ ఉన్నాయి. ఈత కొట్టి గెలిచినవాడికి ఇవ్వాల్సిన కప్పు ఉంది, ఈత కొట్టడానికి కట్టుకోవాల్సింది లేదు! నేను ఆ మాట పైకే అన్నాను. నాయిన నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆ పక్కనే ఉన్న దర్జీ మా గోడు విని, గొడుగు గుడ్డతో కుట్టి ఇస్తానన్నాడు. వాన నీళ్ళే దిగని గుడ్డలో కొలను నీళ్ళెట్లా దిగుతాయని ఆయన వాదన. నీళ్ళు లోపలికి దిగకూడదని కాదు మహాప్రభో, నేను నీళ్ళలోకి దిగాలి అని నేనెంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆయన అప్పటికే టేపు తీసి నా నడుము కొలుస్తున్నాడు. చివరికి ఏ కళనున్నాడో గాని, నాగర్‌కర్నూల్ బస్‌స్టాండు దగ్గర ఒక సాయిబు దుకాణం ఉందని, ఆయన బావమరిది దుబాయి నుంచి పంపిన సామాన్లు అమ్ముతాడని, అక్కడ చూడమని చెప్పాడు. ఆ మాట ముందే చెప్పి ఉంటే గంట కలిసొచ్చేది.

ఆ రోజే వెళ్ళిపోదామని నేనంటే, పెబ్బేరు సంతలో నూలు వ్యాపారి ఎవరినో కలవాలని నాయిన మళ్ళీ వెనక్కి బస్సెక్కించాడు. సంత రోజు పెబ్బేరు గుండా పోవడమంటే మీకు తెలియనిది కాదు. రోడ్డంతా ఎద్దులే. డ్రైవరు హారన్ కొడతాడు, ఎద్దు తల తిప్పి చూస్తుంది, మళ్ళీ నెమరు వేసుకుంటుంది. ఆ వ్యాపారి దొరకలేదు, ఆ పూటంతా వృథా అయింది, తల ప్రాణం తోకకొచ్చింది. నా ఎంపికలు దగ్గరపడుతుంటే ఈయనకు నూలు గొడవేమిటని లోలోపల పళ్ళు కొరుక్కున్నాను.

మొత్తానికి నాగర్‌కర్నూల్ చేరాం. గొడుగులు, టార్చిలైట్లు, అత్తరు సీసాల మధ్య మెహందీ పెట్టిన గడ్డంతో సాయిబు కూర్చుని ఉన్నాడు. నేను అడగ్గానే నవ్వలేదు, ఎందుకని అడగలేదు. బల్ల ఎక్కి పై అరలోంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి దించి, నెమ్మదిగా మూత తీశాడు. లోపల ముదురు నీలం రంగులో, నడుముకు తెల్లటి నాడాతో, నున్నగా మెరుస్తూ ఉంది నేను వెతుకుతున్న వస్తువు.

"శానా ఏండ్ల సంది ఉన్నది. ఇది ఏందో గూడ ఎవనికీ తెల్వదు, కొనెటోడు రాలె. మీ నసీబ్," అన్నాడు సాయిబు. "లోపట ఏసుకునే మాల్ ఇది, వాపస్ తీస్కోను అన్నా. మంచిగ చూస్కోని తీస్కోండ్రి."

చూసుకోమని అనకుండా ఉంటే ఎంత బాగుండేది! నేను దాన్ని గుండెకు హత్తుకుని బయటికి పరుగెత్తే లోపలే నాయిన చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు, వేళ్ళతో తడిమాడు, సాగదీశాడు. ఆయన మొహంలో అనుమానం కనబడింది. ఇన్నేళ్ళూ ఎన్నో గుడ్డలు తడిమిన చేతికి ఈ గుడ్డ ఏమిటో అంతు చిక్కలేదు. నేను వద్దు నాయినా అనేలోపే ఆయన గోరు తొడ దగ్గర అంచులోకి దూరింది, ఒక పోగు దొరికింది, లాగాడు. వచ్చింది. ఇంకొంచెం లాగాడు. ఇంకొంచెం వచ్చింది. తెగాల్సిన చోట తెగకుండా పోగు వస్తూనే ఉంది, దాంతోపాటు తొడ దగ్గర మొదలైన సందు నిచ్చెన మెట్లు ఎక్కినట్టు పైపైకి ఎక్కుతూ నడుము పట్టీ దగ్గరికి వెళ్ళి ఆగింది.

"అరె అన్నా, గది నేసింది గాదు, అల్లింది!" అని సాయిబు లేచి నిలబడ్డాడు.

నేసిన గుడ్డ వేరు, అల్లిన గుడ్డ వేరు. అల్లినదానికి పోగులన్నీ ఒకదానిలో ఒకటి ఉచ్చుల్లా ఉంటాయి, ఒకటి జారితే వరసంతా జారుతుంది. ఈ సంగతి స్వెటరు అల్లే ఆడపిల్లకు కూడా తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పడుగూ పేకా తప్ప వేరే లోకం లేని మా నాయినకు తెలియలేదు. ఆయన ఆ పోగు వదిలేసి, సాయిబు అడిగినంతా తీసి బల్ల మీద పెట్టాడు. బేరం ఆడకుండా ఆయన ఏదైనా కొనడం నేను చూసింది ఆ ఒక్కసారే. బస్సెక్కి ఇంటిదారి పట్టాం. అరికాలి మంట నెత్తికెక్కిన కోపంలో ఉన్నాను. వెతికినంతసేపూ దొరకకపోవడం ఒక ఎత్తు, దొరికాక చేతిలో పెట్టుకుని పాడుచేసుకోవడం ఇంకో ఎత్తు.

ఇంటికి చేరాక ఆయన మగ్గం ముట్టలేదు. తెగిన పడుగు పోగుకు పోగు అతికితే, ఎక్కడ అతికాడో నేసినవాళ్ళు కూడా కనిపెట్టలేనంత పనిమంతుడు. ఆ చెడ్డీని ముందేసుకుని ఎంతసేపు కూర్చున్నా ఒక ఉచ్చు ఎక్కిస్తే రెండు జారుతున్నాయి. చివరికి విసిగిపోయి తనకు వచ్చిన పనే చేశాడు. ఏదో చీర నేయగా మిగిలిన పట్టు అంచు ముక్క తీసి, ఆ సందు పొడుగునా పెట్టి, కంటికి కనబడనంత సన్నటి కుట్టుతో కుట్టేశాడు. ఒక పక్కే ఉంటే బాగుండదని రెండో పక్క కూడా కుట్టాడు. మెరూన్ రంగు పట్టు, దాని మీద గుడి గోపురాల్లాంటి జరీ కుంభాలు. నా ఈత చెడ్డీకి గద్వాల అంచు! అమ్మ చూసి మురిసిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వద్దని అనలేను, ఇంకొకటి లేదు.

హైదరాబాదుకు నాయిన కూడా రైలెక్కాడు. వద్దన్నా వినలేదు. కొలను దగ్గర పట్నం కాలేజీల వాళ్ళంతా కొత్త కొత్త కాస్ట్యూములతో, ఈత కళ్ళద్దాలతో, టోపీలతో తిరుగుతున్నారు. నేను నడుముకు తువ్వాల చుట్టుకుని చివరి నిమిషం దాకా విప్పలేదు. విప్పాక జరీ ఎండకు తళతళలాడింది. పేర్లు రాసుకునే పెద్దమనిషి దగ్గరికి వచ్చి వంగి చూసి, ఇది ఏ దేశం కంపెనీది బాబూ అని నిజంగానే అడిగాడు. గద్వాల అని చెప్పాను. ఆయన నమ్మలేదు.

పొద్దున జరిగిన మొదటి పోటీలో ఈల వేయగానే దూకాను. దూకిన ఊపుకే నడుము దగ్గర ఏదో పిటపిటమంది. నైలాను సాగుతుంది, పట్టు సాగదు. నీళ్ళలో కాళ్ళు ఆడించే కొద్దీ ఒక పక్క కుట్టు విడిపోతూ వచ్చింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుంటే ఈత పోతుంది, ఈత కొడితే మానం పోతుంది. ఏదైతే అదవుతుందని ఈత కొట్టాను. రెండోవాడిగా గోడ ముట్టాను, మధ్యాహ్నం జరిగే ఆఖరి పోటీకి అర్హత వచ్చింది. అందరూ పైకి వెళ్ళిపోయారు, నేను మాత్రం గోడ పట్టుకుని మెడ దాకా నీళ్ళలో ఉండిపోయాను. నాయినకు సంగతి అర్థమై తన తువ్వాల తెచ్చి గట్టు మీద అడ్డం పట్టుకున్నాడు. బయటికి వచ్చి చూస్తే చెడ్డీ ఒక పక్క నడుము దాకా చీలిపోయింది. సూదీ దారం కూడా కాపాడగలిగే స్థితిలో అది లేదు. చుట్టూ కాస్ట్యూములు వేసుకున్నవాళ్ళు పదులమంది, నాకు ఒక్కటి లేదు. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని గోడకు తల బాదుకోవాలనిపించింది.

మా ఇంట్లో ఒకరు విడిచిన బట్ట ఇంకొకరు కట్టుకోరు. అన్నది తమ్ముడికి, తండ్రిది కొడుక్కు కూడా ఇచ్చేవాళ్ళు కాదు. ఊరందరికీ బట్ట నేసే ఇంట్లో మనిషి పరాయివాడి పాత బట్ట కట్టడం కంటే తలవంపులు లేవని మా తాత అనేవాడట. ఆ పట్టింపు నాయినకు ఇంకా ఎక్కువ. అట్లాంటిది, తువ్వాల చుట్టుకుని మూలకు కూర్చున్న నన్ను అక్కడే వదిలి, ఆయన గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళి, పోటీలో ఓడిపోయి తల తుడుచుకుంటున్న ఒక పొడుగాటి పిల్లవాడి ముందు నిలబడి, చేతులు రెండూ జోడించాడు.

"బిడ్డా, నా కొడుకు ఇంకొక్కసారి ఈదాలె. వానిది చినిగింది, తప్పు నాదే. జర నీది ఇస్తవా? ఉతికి ఇస్త."

నాకు ఏడుపు వచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. ఆ పిల్లవాడు మాత్రం రెండో ఆలోచన లేకుండా, "అయ్యో తీస్కోండి అంకుల్, నా పని ఎట్లాగూ అయిపోయింది" అని లోపలికి వెళ్ళి మార్చుకుని తెచ్చి ఇచ్చాడు. తడిగా, చల్లగా ఉంది, నాకు కాస్త వదులైంది. నాడా గట్టిగా బిగించుకుని మధ్యాహ్నం ఆఖరి పోటీలో ఈదాను. మూడోవాడిగా వచ్చాను. జట్టులో చోటు దొరికింది.

నేను పేరు రాయించుకుని వచ్చేసరికి నాయిన బయట దుకాణంలో సబ్బు కొని తెచ్చి, అక్కడి కుళాయి కింద ఆ చెడ్డీ ఉతుకుతున్నాడు. ఎండలో ఆరేసి, ఆరేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత, తనకు నేత పని ఇచ్చే షావుకారుకు చీర అప్పగించేటప్పుడు ఎట్లా మడతపెట్టేవాడో అట్లాగే నలగకుండా మడిచి, రెండు చేతులతో ఆ పిల్లవాడికి అందించాడు. అల్లిన గుడ్డ, మడత నిలవలేదు. ఆ పిల్లవాడి పేరు కూడా మేము అడగలేదు.

ఆ సర్టిఫికెట్టుతోనే నాకు కొలువు వచ్చింది. వనపర్తిలో కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పింఛను పుచ్చుకుంటున్నాను. ఇప్పుడు ఏ వస్తువు కావాలన్నా ఒకరి గడప తొక్కనక్కర్లేదు, ఒకరిని బతిమాలనక్కర్లేదు, నచ్చకపోతే వెనక్కి పట్టుకెళ్ళేవాడు కూడా ఇంటికే వస్తాడు. మంచిదే, మేము పడిన పాట్లు పిల్లలు పడాలని నేననను. కాకపోతే మన కోసం ఒక మనిషి తన పట్టింపు పక్కన పెట్టి, ఇంకొక మనిషి ముందు నిలబడే సందర్భం కూడా వాటితోపాటే పోయింది. నాయిన పోయాక మగ్గం విప్పించి, ఆ గుంట మట్టితో పూడ్చి, పైన బండలు పరిపించింది నేనే. మగ్గం మీద ఆయన తర్వాత ఎవరూ కూర్చోలేదు. నేను గెలిస్తే అట్లాగే అవుతుందని, ఆ పిల్లవాడి ముందు నిలబడిన రోజునే నాయినకు తెలుసు. తెలిసే చేతులు జోడించాడు.